ముందు నీళ్లు

సెప్టెంబరు 14, 2011

సకల జనుల సమ్మె రెండో రోజు. శిబిరంలో కూర్చుని వచ్చాను. వెనుక వరుసలో, ఎండ పడేచోట. మానుకోటలో నాకు ఎప్పుడూ దొరికే చోటు అదే.

జైపాల్ మెడలో దండ వేసి "అరవై తొమ్మిది ఉద్యమ వీరుడు" అన్నారు. వేదిక ఎక్కేటప్పుడు ఎడమ కాలు మరీ ఎక్కువ కుంటుతాడు. దిగేటప్పుడు అంత కుంటు ఉండదు. పోలీసు లాఠీ అట. నిజానికి దేవరుప్పులలో వాళ్ల అక్క ఇంటి పెరట్లో జామచెట్టు మీద నుంచి పడ్డాడు. వాళ్ల అక్కే చెప్పింది నాకు, వాడు పక్కన ఉండగానే, నవ్వుకుంటూ. వాడు జామపండ్లు కోస్తున్న ఆ ఎండాకాలం నేను వరంగల్ జైల్లో పురుగులు ఏరి అన్నం తింటున్నాను. జనగామలో ఇద్దరం ఒకే బెంచీ. ఊరేగింపులో ఇద్దరం ముందు వరుస. పోలీసు వ్యాను వచ్చేసరికి ఒక్కడినే ముందు వరుస.

ప్రసంగం మధ్యలో వెనుక నుంచి ఎవరో అరిచారు: "జైపాలన్నా, పొద్దుగాల చెరువుల సైర్ కొడ్తున్నవట! నీళ్లల్ల గూడ సమ్మె చేస్తున్నవా?"

శిబిరమంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి నవ్వాను.

సెప్టెంబరు 15

అనుకున్నట్టే జైపాల్ వచ్చాడు. చెప్పులు విడవకుండా లోపలికి.

"పాణీ, నీ రేకుల షెడ్డు ఖాళీగనే ఉన్నది గద."

"పుస్తకాలున్నయి."

"ఎటన్న జరుపు. ఎట్లనన్న చెదలు తినేటియే గద."

నీళ్ల స్కూటరు దాచాలట. కాకినాడలో సెకండ్ హ్యాండుకు కొన్న ఎర్ర బండి. మోటారు సైకిలుకు చక్రాలు తీసి పడవ మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రెండేళ్లుగా మా చెరువులో పొద్దున పొద్దున దాని మీద తిరుగుతాడు. కొంగలు లేస్తాయి, వలలు తెగుతాయి, బెస్తవాళ్లు తిడతారు, వాడు చెయ్యి ఊపుతాడు. ఇప్పుడు తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న కాలంలో ఈ సరదా ఏందని జనం అడుగుతున్నారు. వాడి ఇల్లు శిబిరానికి ఎదురుగా ఉంది. నా ఇల్లు ఊరి బయట, చెరువు కట్ట దగ్గర. ఎవరూ రాని ఇల్లు.

"పెత్రమాస అమాసలోపు బయటికి తీయాలె, బతుకమ్మ షురువైతది. ఆడోళ్లు బతుకమ్మలు వేసే రేవు అది. ఈ చలికాలం నీ దగ్గర పండుకుంటది. తెలంగాణ వచ్చిన దినం జెండ కట్టి చెరువు నడిమిట్ల తిప్పుత. నువ్వే చూస్తవ్, నీ అరుగు మీదికెల్లి."

నేనే చూస్తానట.

మంగీలాల్ వెంట ఉన్నాడు. గంగారం అవతలి తండావాడు, ముప్పై దాటినవాడు, స్కూటరుకు డ్రైవరూ కావలీ వాడే. పుణెలో బిల్డింగుల మీద ఇటుకలు మోసి వచ్చాడు. చెరువు మీద బోటింగు పెడతాననీ, వాడిని పర్మనెంటు చేస్తాననీ, వాడి పెండ్లాం సుక్కి ఒడ్డున చేపల వేపుడు బండి పెట్టుకోవచ్చనీ జైపాల్ మాట ఇచ్చాడు.

"బండికి ఏమన్న అయితె మాత్రం నువ్వు మల్ల పుణె రైలు ఎక్కుడే," అన్నాడు వాడితో, నా ముందే. భుజం తట్టి అన్నాడు.

"ఏం కానియ్య సారూ. పాణం తీర్గ చూసుకుంట," అన్నాడు మంగీలాల్.

సరే, పెట్టుకోమన్నాను. ఎందుకన్నానో.

సెప్టెంబరు 16

బండి అమ్మిన షెడ్డు నుంచి మెకానిక్కు వచ్చాడు. సత్తిబాబు అట, కాకినాడ. చలికాలం కట్టిపెట్టే ముందు ఏం చేయాలో చూపించి పోదామని పాపం సొంత ఖర్చుతో రైలెక్కాడు. ఈ రోజుల్లో, ఆ యాసతో, మానుకోటలో దిగాడు.

నబీసాబ్ పంక్చరు షాపు దగ్గర దారి అడిగితే పోరగాళ్లు చుట్టుముట్టారట. "ఆయ్, ఎటెల్తున్నారండీ బాబూ" అని వాడి మాట వాడికే అప్పజెప్పారట. ఇన్నేళ్లు సినిమాల్లో మన మాటను వెక్కిరించినదానికి ఈ ఒక్కడి దగ్గర వసూలు. నబీసాబే అదిలించి నా ఇంటికి దారి చూపించాడట. జైపాల్ శిబిరంలో ఉన్నాడు. మంగీలాల్ సుక్కిని తీసుకురావడానికి తండాకు పోయాడు. ఉన్నది నేనొక్కణ్ని. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను.

"మాస్టారూ, అన్నిటికన్నా ముఖ్యం ఒక్కటేనండి. లోపలి బురదంతా పోవాలంటే మంచినీళ్లు పట్టి ఇంజను కడగాలి. అయితే ముందు ఇంజను స్టార్టవ్వాలి. ఆ తర్వాతే నీళ్ల పంపు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టెయ్యాలి, ఆ తర్వాతే ఇంజను. ఇది తేడా వచ్చిందనుకోండి, నీళ్లు ఎదురెక్కి ఇంజన్లో కూర్చుంటాయండి."

"కూర్చుంటే?"

"ఓ రోజులోపల ప్లగ్గులిప్పి, కక్కించి, ఆయిలు పోస్తే బతుకుద్దండి. వదిలేస్తే తుప్పట్టి బిగుసుకుపోద్ది. ఇంక పాత ఇనప్సామానుకే."

మంచి మాటకారి. నా పుస్తకాలు చూసి, "ఇవన్నీ మీరే చదివారాండీ!" అన్నాడు. పదేళ్లలో ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే. పోతూ పోతూ నా ఫోను నంబరు రాసుకున్నాడు.

"బండి చూసుకునే కుర్రాడికి మీరే చెప్పండి మాస్టారూ. మీ మీద వదిలేసి వెళ్తన్నానండి."

చెప్తానన్నాను.

ఆయన పోయాక తట్టింది. ఈ దేశంలో బావి మోటరు ఉన్న ప్రతివాడూ ముందు నీళ్లు పోసి తర్వాత స్విచ్చు వేస్తాడు. నీళ్లు లేకుండా మోటరు నడిపితే కాలిపోతుందని పుట్టిన పిల్లకు కూడా తెలుసు. మంగీలాల్ చేతికి పైపు ఇస్తే వాడు ఏం చేస్తాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

సెప్టెంబరు 18

మంగీలాల్, సుక్కి వచ్చారు. షెడ్డు పక్కన పరదా కట్టుకున్నారు. వాడు ఏమీ అడగలేదు.

సెప్టెంబరు 21

దసరా తర్వాత జనగామలో అరవై తొమ్మిది వాళ్లకు సన్మానమట. పేర్లు జైపాల్ రాసి పంపాడు. నా పేరు లేదు.

"నువ్వు ఎట్లనన్న రావు గద పాణీ, పబ్లిక్కుల నీకు పరేషాన్ అయితదని రాయలె."

ముప్పై ఏళ్లు శాఖా గ్రంథాలయంలో కూర్చుని జనం చదవని పుస్తకాలు చదివాను. ఒక్క సంవత్సరం జైలు వల్ల పరీక్ష పోయింది, పరీక్షతో లెక్చరరు ఉద్యోగం పోయింది, ఉద్యోగంతో సంబంధం పోయింది. చివరికి చేసుకున్న మనిషి పదేళ్లు నన్ను భరించి చచ్చిపోయింది. జైపాల్ అదే సంవత్సరం పాసై, కాంట్రాక్టరై, రోడ్లు వేసి, ఆ రోడ్లు మళ్లీ వేసి, ఇప్పుడు వీరుడయ్యాడు. నా పుస్తకాలు పదకొండు వాడి ఇంట్లో ఉన్నాయి. అద్దాల బీరువాలో. వచ్చినవాళ్లకు చూపిస్తాడు.

సెప్టెంబరు 23

మంగీలాల్‌కు చెప్పాలి. రేపు.

సెప్టెంబరు 26

ఈ రోజు కట్టిపెట్టారు.

పొద్దున్నే ట్రాక్టరుతో లాగి, చక్రాల బండి మీద షెడ్డు ముందు నిలబెట్టారు. కడుపు కింద గుర్రపుడెక్క, నాచు, ఒక చిన్న చేపపిల్ల కూడా. సుక్కి వేళ్లతో నాచు లాగి, పాత చీర గుడ్డతో తుడిచింది. బిడ్డకు స్నానం పోసినట్టు పోసింది. పిల్లలు లేరు వాళ్లకు. పెట్రోలు ట్యాంకు నిండా పోయాలట, లేకపోతే లోపల చెమ్మ పడుతుందట. సమ్మెలో పెట్రోలు ఎక్కడిది? నబీసాబ్ దాచుకున్నది సీసాల్లో తెచ్చాడు మంగీలాల్. భూపాలపల్లిలో బొగ్గు తీయడం లేదు, ఇక్కడ కరెంటు లేదు. నా మిద్దె మీది ట్యాంకులో మాత్రం నీళ్లున్నాయి. నల్లాకు పైపు తగిలించి, రెండో కొన బండి వెనుక పెట్టాడు.

నేను అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుతున్నాను. పాత రష్యను నవల, నాలుగోసారి.

మంగీలాల్ నల్లా తిప్పాడు.

"ఇంజను దమ్ముగ తాగనీ," అన్నాడు సుక్కితో. "మా నాయిన బాయి మోటరుకు గిట్లనే బిందెడు పోసేటోడు. అప్పుడే మంచిగ గుంజుతది."

సుక్కి పరదా లోపలికి పోయి అగరువత్తులు తెచ్చింది. ముట్టించింది. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. నీళ్లు పోతూనే ఉన్నాయి. నేను పేజీ తిప్పాను. ఏం చదివానో ఇప్పుడు గుర్తు లేదు.

అప్పుడు బటను నొక్కాడు. 'టక్' మంది. మళ్లీ నొక్కాడు. 'టక్.'

"సారూ, మొరాయిస్తున్నది. నిన్న మంచిగ లేసింది."

నేను లేచి చూశాను. చూసినట్టు చేశాను. "బ్యాటరీ దిగిందేమో."

"నబీసాబ్‌ను పిలుచుకస్త. ప్లగ్గులు ఇప్పి చూస్తడు."

"ఎందుకు? బ్యాటరీ ఎట్లాగూ తీసి పక్కన పెట్టేదే కదా. ఎండాకాలం కొత్తది వేస్తాడు మీ సారు. కప్పెయ్యి."

వాడు నా ముఖం వంక చూశాడు. చదువుకున్న మనిషి ముఖం. నమ్మాడు. బ్యాటరీ తీశాడు, ఎలుకలు దూరకుండా పొగ గొట్టంలో గుడ్డ కుక్కాడు, టార్పాలిన్ కప్పి నాలుగు దిక్కులా తాడు బిగించాడు. పని ముగిశాక ఆ టార్పాలిన్ మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడ్డాడు.

వాడి మీద నాకు పగ లేదు.

బ్యాటరీ కూడా కావచ్చు కదా.

సెప్టెంబరు 27

కాకినాడ నుంచి ఫోను. "ఎలా జరిగిందండి మాస్టారూ? ముందు ఇంజనే కదండి?"

"అంతా సవ్యంగా జరిగింది."

"హమ్మయ్య. మీలాంటి పెద్దవారుంటే నాకు దిగుల్లేదండి."

మంగీలాల్ షెడ్డు ముందు కూర్చుని బీడీ తాగుతున్నాడు. పిలిస్తే వినిపించే దూరం. రేవు నుంచి ఆడవాళ్ల బతుకమ్మ పాటలు. కిటికీ మూశాను.

సెప్టెంబరు 28

సత్తిబాబు చెప్పిన ఆ ఒక రోజు గడిచింది.

అక్టోబరు 6

దసరా. జైపాల్ మందితో వచ్చాడు, బండికి పూజ చేయాలని. టార్పాలిన్ తీశారు. ఎర్రగా మెరిసింది. సుక్కి రోజూ తుడుస్తుంది. బంతిపూల దండ, పసుపు, కుంకుమ, కింద నిమ్మకాయ. జైపాల్ కొబ్బరికాయ కొట్టి నాకూ ఒక ముక్క ఇచ్చాడు.

"ఎట్లున్నది పాణీ నా గుర్రం?"

"పడుకుంది," అన్నాను.

అందరూ నవ్వారు. మంగీలాల్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. వంగి బండికి మొక్కాడు.

పీనుగకు దండ వేసి నమస్కారాలు పెట్టడం ఎన్నోసార్లు చూశాను. శిబిరంలో రోజూ చూస్తాను. ఇంత హాయిగా ఎప్పుడూ చూడలేదు.

అక్టోబరు 24

సమ్మె ఆపేశారు. రేపటి నుంచి ఆఫీసులు. ఎవరు గెలిచారని అడిగితే ఎవరూ చెప్పడం లేదు.

నవంబరు 13

చలి మొదలైంది. సుక్కి జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు తెచ్చి పెట్టింది. వద్దన్నా వినదు.

"ఒక్కనివి ఉంటవు సారూ. మాకు నీడ ఇచ్చినవ్. బోటింగ్ షురువైతే మొదలు నిన్నే ఎక్కిస్తడట మా ఆయన."

రొట్టె బాగుంది. తిన్నాను.

డిసెంబరు 8

జైపాల్ తెలంగాణ వచ్చేదాకా ఆగలేడట. రేపు తొమ్మిదో తారీకు. తెలంగాణ ఇస్తామని కేంద్రం ప్రకటించి రెండేళ్లు. చెరువు కట్ట మీద సభ పెట్టాడు. జెండా కట్టి తిప్పుతాడట. కొత్త బ్యాటరీ తెచ్చారు.

ఈ రాత్రి చదువు సాగలేదు. సంతోషమే అయి ఉంటుంది.

డిసెంబరు 9

కట్ట నిండా జనం. బడి పిల్లలు, బెస్తవాళ్లు, పాటల దళం. జైపాల్ తెల్ల ప్యాంటు, నడుముకు జెండా. ఈ రోజు కుంటడం లేదు. మరిచిపోయినట్టున్నాడు.

బండిని నీళ్లలోకి దించారు. మంగీలాల్ బటను నొక్కాడు. 'టక్' కూడా అనలేదు. ఏమీ అనలేదు. మళ్లీ, మళ్లీ. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత పెద్దలు. "జైపాలన్నా, తెడ్డు తెమ్మంటవా?" అని ఒకడు.

ఆ నవ్వు కోసం నలభై రెండేళ్లు ఆగాను. తెచ్చుకున్న పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి విన్నాను.

నబీసాబ్‌ను పిలిచారు. ప్లగ్గులు ఇప్పాడు. టీ డికాషను లాంటి ఎర్రటి నీళ్లు కారాయి.

"ఇంజన్ల నీళ్లు నిలబడ్డయి భాయ్. ఖతం. జాం అయిపోయింది."

జైపాల్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి మంగీలాల్‌ను కొట్టాడు. చెంప మీద, అరచేతితో, అందరి ముందు, సుక్కి ముందు. వాడు చేతులు ఎత్తలేదు. రెండో దెబ్బకు పడ్డాడు. లేచి, జారిపోయిన జెండాను నీళ్లలోంచి తీసి జైపాల్ చేతికి ఇచ్చాడు.

నాకు కావలసింది ఇది కాదు. ఇది కూడా జరిగింది. అంతే.

అప్పుడు జనంలోంచి ఎవడో అరిచాడు. "ఆ కాకినాడోడు వచ్చిపోయిండు గదనే! ఆడే చేసుంటడు!"

జైపాల్ చెయ్యి ఆగింది. వాడి ముఖంలో వెలుగు రావడం నేను చూశాను. చచ్చిన బండి ఎక్కి నిలబడ్డాడు.

"చూసిన్రా తమ్మీ! మన నీళ్లు మనకు రాకుంట చేసిన్రు, ఆ నీళ్లే మన ఇంజన్ల పోసి పోయిన్రు!"

చప్పట్లు. ఈలలు. పాటల దళం డప్పు అందుకుంది. ఏ వేదిక మీదా వాడికి అన్ని చప్పట్లు పడలేదు.

డిసెంబరు 10

మంగీలాల్ వచ్చాడు. చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది.

"సారూ, తప్పు నాదే. నబీసాబ్ చెప్పిండు, ముందు నీళ్లు ఇడువద్దట. నేను బాయి మోటరు అనుకున్న. ఆ కాకినాడాయనకేం తెల్వదు, పాపం. ఆయన్ని బద్నాం చేస్తున్రు." అరుగు వంక చూశాడు. "ఆయన మీ అరుగు మీదనే కూసున్నడట గద సారూ. మీతోని ఏమన్న చెప్పిండా?"

"ఎండల గురించి మాట్లాడాడు."

తల ఊపాడు. "జైపాల్ సారుకు నిజం చెప్త. ఏమంటరు?"

నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. తప్పు కాకినాడవాడిది అయితే వీడి నౌకరి నిలుస్తుంది. తప్పు వీడిదైతే పోతుంది. అంతకన్నా, జైపాల్‌కు దొరికిన ప్రసంగం పోతుంది. ఆ చప్పట్లు పోతాయి.

"చెప్పు," అన్నాను. "నిజం చెప్పాల్సిందే."

నిజం చెప్పమనడంలో తప్పేముంది?

డిసెంబరు 11

చెప్పాడట. జైపాల్ ఇంట్లో, తలుపులు మూసి, మళ్లీ కొట్టారట. ఈ మాట ఇంకెక్కడన్నా అంటే తండాకు కూడా బతికి పోవన్నారట. ప్రసంగం మాత్రం పోలేదు. రేపటి నుంచి పని లేదన్నారట.

సాయంత్రం జైపాల్ నా దగ్గరికి వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచాడు.

"పాణీ, ఆ ఆంధ్రోడు వచ్చినప్పుడు ఉన్నది నువ్వొక్కనివే. జనగామ సన్మానం సమ్మెల ఆగిపాయె గద, ఇప్పుడు పదమూడుకు పెట్టిన్రు. నువ్వు రావాలె. ఆడు బండి దగ్గరికి పోయిండు, చెయ్యి పెట్టిండు, నువ్వు చూసినవ్. గంతే. నీ పేరు నేనే రాసిన."

"దండనా, శాలువానా?" అని అడిగాను. వెటకారంగా అడిగాననే అనుకుంటున్నాను.

"రెండు," అన్నాడు.

డిసెంబరు 13

జనగామ. నన్ను పట్టుకున్న చోటుకు దగ్గరలోనే వేదిక. దండ బరువుగా ఉంది. శాలువా జైపాలే కప్పాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. రెండు వాక్యాలు. నా గొంతు మైకులో ఇంత బాగుంటుందని తెలియదు. జనం లేచి నిలబడ్డారు.

అప్పుడు జైపాల్ నా చెయ్యి పట్టి పైకెత్తాడు.

"ఈ పాణీ నా జైలు దోస్తు! వరంగల్ జైల్ల ఒక్క కంచంల తిన్నం! లాఠీ దెబ్బ నా కాలు మీద పడ్డనాడు పక్కన ఉన్నది ఈయనే! అడుగుండ్రి!"

అందరూ నా వంక చూశారు. మైకు నా నోటి దగ్గరే ఉంది.

"అవును," అన్నాను.

వాడు కుంటుకుంటూ వేదిక దిగాడు. ఇక ఆ కాలును ఎవరూ అడగరు. నేను ఉన్నాను కదా సాక్షి.

డిసెంబరు 15

మంగీలాల్, సుక్కి పోయారు. పుణె. పరదా విప్పి మూట కట్టుకున్నారు. మంగీలాల్ నా కాళ్లకు మొక్కాడు. ఒక కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. సుక్కి మొక్కలేదు.

నేను ఇచ్చిన స్టీలు గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి, "ఆ దినం నువ్వు గీడనే కూసున్నవ్ గద సారూ," అంది. "మా ఆయన నల్లా తిప్పినప్పుడు పుస్తకం దించి చూసినవ్. నేను అగరొత్తులు తెద్దామని పోతుంటె చూసిన. పొరపాటయితె పెద్ద సారు చెప్తడు గద అనుకున్న."

తర్వాత తన లంబాడీ భాషలో మొగుడితో ఏదో అంది. వాడు "చల్" అన్నాడు. నాకు ఆ భాష రాదు. ఇన్ని భాషల పుస్తకాలు చదివాను, పొద్దున లేస్తే పక్కన వినిపించే భాష ఒక్కటి నేర్చుకోలేదు. మంచిదే అయింది.

బండిని మళ్లీ షెడ్డులో పెట్టి పోయారు జైపాల్ మనుషులు. సాక్ష్యం కాబట్టి జాగ్రత్తగా ఉంచాలట. పుస్తకాలకు చోటు లేదు.

డిసెంబరు 16

టార్పాలిన్ మీద దుమ్ము. తుడిచేవాళ్లు లేరు.

డిసెంబరు 22

మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తాను.

"మాస్టారూ, నేనండి, సత్తిబాబుని. పేపర్లో వేశారండి నా పేరు. షెడ్డువాళ్లు పని మానెయ్యమన్నారు. గొడవలు మా మీదికి తెస్తావా అన్నారండి. నేను బండి ముట్టుకోనేలేదు కదండి. మీకు చెప్పాను కదండి, మీరు విన్నారు కదండి. ఒక్క మాట మీరు చెప్తే చాలండి మాస్టారూ."

"రాంగ్ నంబరు," అన్నాను.

నా గొంతు గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడని నాకు తెలిసేంతసేపు ఊరుకున్నాడు.

"సరేనండి," అన్నాడు.